ఒక కత్తికి మూడు తేదీలు

సాలార్‌జంగ్ మ్యూజియం డైరెక్టర్ గారికి బహిరంగ లేఖ



మ్యూజియంలో కత్తులు, బాకులు, కటారులు పెట్టిన అద్దాల పెట్టెల పక్కన ఉండే చీటీల గురించి ఈ ఉత్తరం. ఏ మ్యూజియంలోనైనా మామూలుగా ఆ చీటీ మీద ఒక పేరు, ఒక ఊరు, ఒక శతాబ్దం ఉంటాయి. కత్తికి ఒక తేదీ చాలదు, మూడు రాయించమని నా మనవి. అలుగు ఎప్పటిది, పిడి ఎప్పటిది, దాని మీది బంగారు రాత ఎప్పటిది. ఒర కూడా ఉంటే దాని తేదీ వేరు. ఏం చూసి ఆ మాట అన్నారో పక్కన ఒక్క వాక్యం. తేల్చలేని చోట ‘తేలలేదు’ అని రాయించినా సంస్థ గౌరవానికి వచ్చే లోటు లేదు. నన్నడిగితే ఇంకా పెరుగుతుంది.

ఎవరీయన, ఏమిటీ పెత్తనం అనుకుంటారేమో. ఉక్కు నమూనాలు పరీక్షించే ల్యాబులో పనిచేసి రిటైరయ్యాను. పాత కత్తుల పిచ్చి ఉంది. ఆ సంగతి తెలిసినవాళ్లు అటక మీద దొరికిన బాకునో, తాతగారి పెట్టెలోని చురకత్తినో గుడ్డలో చుట్టుకుని మా ఇంటికి వస్తుంటారు. అడిగేవి రెండే ప్రశ్నలు: ఎన్నేళ్లది, ఎంత పలుకుతుంది. రెండోదానికి నేను జవాబివ్వను. మొదటిదానికి ఇస్తే చాలామందికి నచ్చదు, ఎందుకంటే వాళ్లు కత్తితో పాటు ఒక కథ కూడా తెచ్చుకుంటారు. నిజాం ప్రభువు స్వయంగా ముత్తాత చేతికిచ్చిన బాకు. బొబ్బిలి యుద్ధం చూసిన కటారి. టిప్పు సుల్తాన్ కత్తి. ఇవన్నీ అబద్ధాలని నేననను, కథకు కాగితం ఉండాలంటాను. 2023 మే నెలలో లండన్ వేలంలో టిప్పు పడకగది కత్తి కోటీ నలభై లక్షల పౌండ్లకు పోయింది. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక ఆ కత్తిని జనరల్ డేవిడ్ బైర్డ్‌కు బహూకరించారన్న ఆధారం దాని వెంట ఉండబట్టే ఆ ధర. ఆ వార్త చదివి అటకల మీద నుంచి దిగుతున్న టిప్పు కత్తులకు అలాంటి ఆధారం ఉండదు.

కాగితం లేనప్పుడు మిగిలే సాక్షి కత్తే. దాన్ని ఎలా విచారించాలో మీ సిబ్బందికి నేను చెప్పనక్కర్లేదు. బయటివాళ్లకు చెప్పేవాళ్లు లేరు, అందుకే ఈ ఉత్తరం మీ టేబుల్ మీదికి పంపకుండా పత్రికకు ఇస్తున్నాను.

పాతకాలంలో మంచి అలుగు ఖరీదైన వస్తువు. పిడి విరిగితే కొత్త పిడి వేయించుకునేవారు తప్ప అలుగును పారేసేవారు కాదు. యుద్ధంలో చేజిక్కిన అలుగుకు తమ ముచ్చట తీరేలా పిడి పెట్టించుకునేవారు. తెలుగు నాయకరాజులు ఏలిన తంజావూరునే తీసుకోండి. అక్కడి కటారుల్లో ఎన్నిటికో ఐరోపా నుంచి ఓడల్లో వచ్చిన కత్తుల అలుగులు కోసి బిగించారు. చెయ్యి పట్టే భాగం కావేరి ఒడ్డుది, పొడిచే భాగం సముద్రం దాటి వచ్చింది. అలాంటిదాన్ని ‘17వ శతాబ్ది, తంజావూరు’ అని వదిలేస్తే సగమే చెప్పినట్టు. దాన్నెవరూ నకిలీ అనరు. అదే, ఒక పాత అలుగుకు రాజస్థాన్‌లో పోయినేడాది చేసిన పిడి తగిలించి, మొత్తం మొగలుల నాటిదని అమ్మితే నకిలీ. చేతిపని రెండిట్లోనూ ఒకటే, రెండోదాన్ని చెప్పకుండా అమ్మారు. ఉదయపూర్, జైపూర్ పనివాళ్ల మీద నాకే ఫిర్యాదూ లేదు. ఒంటె ఎముక పిడులూ, బంగారు తీగ పనీ ఈనాటికీ బతికున్నాయంటే వాళ్ల వల్లే. వాళ్లు కొత్తదని చెప్పి అమ్మిన వస్తువు మూడు చేతులు మారేసరికి మూడు వందల ఏళ్లు ముసలిదవుతోంది.

పిడి సంగతి చూద్దాం. మన దేశపు పాత లోహపు పిడులు చాలావరకు లోపల బోలు. అలుగు తోకను అందులో దించి లక్కతో బిగించేవారు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ లక్క ఎండి, పగుళ్లిచ్చి, పిడి మూతి దగ్గర ముదురు పెచ్చులుగా కనిపిస్తుంది. అక్కడ గాజులా మెరుస్తూ గోటికి లొంగని జిగురు కనబడితే అది ఎపాక్సీ. ఎంత లెక్కేసినా ఎనభై ఏళ్లు దాటదు. అలాగని కత్తంతా కొత్తదని తీర్పు చెప్పెయ్యకూడదు. ఊగుతున్న పిడిని ఇంట్లోవాళ్లెవరో బజారులో జిగురు గొట్టం కొనుక్కొచ్చి అతికించి ఉండవచ్చు. పిడి దంతమో ఎముకో కూడా భూతద్దంలోనే తేలిపోతుంది. ఎముకలో రక్తనాళాలు పోయిన చోట సన్నని నల్ల చుక్కలు, గీతలు ఉంటాయి. ఏనుగు దంతాన్ని అడ్డంగా కోసిన చోట ఒకదాన్నొకటి దాటుకుంటూ వంపు గీతలు కనిపిస్తాయి. నిజంగా దంతమని తేలితే అమ్మకం ఆలోచన మానుకోవాలి. అది వన్యప్రాణి చట్టం పరిధిలోది, పాతదైనా సరే.

అన్నిటిలోకీ నాకిష్టమైన పరీక్షకు పదిరెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం, కిటికీ పక్క వెలుతురు చాలు. బంగారు తీగా తుప్పు గుంటా కలిసే చోటు వెతకాలి. కోఫ్త్‌గరీ పనిలో ముందు ఉక్కు మీద సన్నని గాట్లు అడ్డదిడ్డంగా పెట్టి గరుకు చేస్తారు, ఆ గరుకు మీద బంగారు తీగను పరిచి సుత్తితో కొట్టి కరిపిస్తారు. ఆ తర్వాత తరాలు గడిస్తే తుప్పు తీగ అడుగున పుట్టి దాన్ని పైకి తంతుంది. అక్కడక్కడ తీగ లేచిపోయి, పాత గాట్లు బయటపడతాయి. రాత ముందు, తుప్పు తర్వాత అని అర్థం. ఇలా కాకుండా తీగ గుంట అంచు దాకా వచ్చి, గుంటలోకి దిగి, అవతలి ఒడ్డెక్కి మెరుస్తూ సాగిపోతుంటే? తుప్పు ముందు, రాత తర్వాత. ఎవరో తుప్పు పట్టిన మామూలు పాత కత్తిని తక్కువ ధరకు కొని, దాని మీద ఒక సుల్తాను పేరు కొట్టించారన్నమాట. అలుగు నిజంగానే రెండు వందల ఏళ్లది, పేరు ఈమధ్యది. కొనేవాడు డబ్బిచ్చింది పేరుకు. మీ చీటీలో రాతకు వేరే తేదీ ఎందుకడుగుతున్నానో దీన్నిబట్టి మీకు తెలుస్తుంది.

పేర్ల మాట వచ్చింది కాబట్టి, పారశీక లిపిలో ‘అసదుల్లా ఇస్ఫహానీ’ అని కనబడితే మురిసిపోయేవాళ్లు మన నగరంలో చాలామందే ఉన్నారు. ఇరాన్ రాజు షా అబ్బాస్ కాలపు కత్తి పనివాడని ఆ పేరుకు ప్రసిద్ధి. ఆ సంతకాన్ని ఇరాన్‌లోనూ మన దేశంలోనూ తరాల తరబడి కమ్మరులు తమ కత్తుల మీద కొట్టుకుంటూ పోయారు. అవన్నీ ఒక్క మనిషే చేయాలంటే నాలుగు జన్మలెత్తాలి. ఆ సంతకమున్న కత్తి పాతదీ గొప్పదీ కావచ్చు, కానీ ఆ గొప్ప ఉక్కులో కనబడాలి.

అంకెలతో ఇంకా తమాషా. ఒక బాకు మీద పారశీక అంకెల్లో 1200 అని ఉంటే, అమ్మజూపినవాడు దాన్ని కాకతి గణపతిదేవుడి కాలానిదన్నాడు! అది హిజ్రీ 1200, మన లెక్కలో 1785-86. ఒక్క మాటతో ఆరు వందల ఏళ్లు ఎగిరిపోయాయి. హైదరాబాదులో దీనికి తోడు ఫసలీ చిక్కొకటి ఉంది, సంస్థాన పరిపాలన ఆ సంవత్సరాలతోనే నడిచింది కదా. 1340 అనే అంకె హిజ్రీ అయితే 1921-22, ఫసలీ అయితే 1930-31. 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం లెక్కలో నూరేళ్లు నిండితేనే కత్తి పురావస్తువు. అదే అంకెను ఒక విధంగా చదివితే దాన్ని దేశం దాటించడం నేరం, మరో విధంగా చదివితే ఇంకా కొన్నేళ్ల దాకా కాదు. అమెరికాలో ఉన్న కొడుక్కి తాత బాకు పంపుదామనుకునే తల్లిదండ్రులకు ఈ తేడా కస్టమ్స్ గుమ్మం దగ్గర తెలియడం భావ్యం కాదు.

అరుగుదల గురించి ఎక్కువ చెప్పను. వాడిన కత్తిని సాన పట్టి ఉంటారు. సానరాయి పిడి అంచు దాకా అందదు కాబట్టి అక్కడ అలుగు మొదటి వెడల్పుతో మిగిలి, తర్వాత కాస్త లోపలికి నొక్కుకుపోతుంది. నగిషీ అంతా అరిగిపోయి, వాదర మాత్రం ఒక్కసారీ సాన చూడనట్టు నిండుగా ఉంటే అనుమానించాలి. వేళ్లు తగిలే చోట నునుపు, తగలని సందుల్లో పదునైన గీతలు ఉండాలి. అన్నిచోట్లా ఒకే రకంగా అరిగితే ఆ అరుగుదల యంత్రం చక్రానిది. నెలల్లో తెప్పించిన తుప్పు నారింజ రంగులో, పొడిపొడిగా, గుడ్డకు అంటుకుంటుంది. పాత తుప్పు గోధుమ నలుపులో గట్టిపడి, అలుగుతో పాటు పుట్టిందా అన్నట్టు ఉంటుంది.

ఇక జౌహర్. మూసలో కరిగించి తీసిన మూస ఉక్కు అలుగు మీద నీటి అలల్లాంటి చారలు కనిపించే ఆ సొగసు కోసమే ప్రపంచమంతా ‘డమాస్కస్’ కత్తుల వెంట పడింది. ఇప్పుడు బజారులో ఆ పేరుతో అమ్మేవి మూడు రకాలు. మొదటిది నిజమైన మూస ఉక్కు, 1.2 నుంచి 1.8 శాతం దాకా కార్బన్ ఉన్నది. రెండోది రెండు రకాల ఉక్కు పలకలను మడతలు వేసి అతికినది. అదీ ప్రాచీన విద్యే, కానీ వేరే విద్య. కొత్తగా చేసేవాటిలో వెండిలా మెరిసే చార కోసం తరచూ నికెల్ కలిసిన ఉక్కు వాడతారు. మూడోది సాదా ఉక్కు మీద యాసిడ్‌తో గీసిన బొమ్మ. మూడోదాన్ని పట్టడం తేలిక. పిడి దగ్గర ఎవరికీ కనబడని మూల చిటికెన గోరంత మేర నున్నగా రుద్ది, పలచని ఫెర్రిక్ క్లోరైడ్ అద్దితే నిజమైన చారలు తిరిగి తేలతాయి, గీసిన చారలు తిరిగి రావు. దయచేసి ఇది చదివి ఎవరూ ఇంట్లో మొదలుపెట్టకండి. ఆ గోరంత మేర ఎక్కడ రుద్దాలో తెలిసిన చెయ్యి ఉండాలి.

జౌహర్ దగ్గర మీ చీటీకి నాలుగో మాట కూడా అవసరమవుతుంది: ఉక్కు ఎక్కడిది? 1820ల తొలి ఏళ్లలో బ్రిటిష్ సర్వే బృందంతో పాటు మన ప్రాంతం తిరిగిన డాక్టర్ హెన్రీ వోయిసీ, ఇప్పటి నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రంలో మూస ఉక్కు తయారీ చూసి రాసుకున్నాడు. ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వర్తకుడొకడు అక్కడ ఉక్కు కొంటూ ఆయనకు కనిపించాడు. వోయిసీ 1824లోనే పోయాడు, ఆయన రాత 1832లో కలకత్తాలో అచ్చయింది. 2010లో బెంగళూరు జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ, ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం కలిసి ఉత్తర తెలంగాణ ఊళ్లలో తిరిగి చిట్టెపు దిబ్బలూ మూసల ముక్కలూ నమోదు చేశాయి. కాబట్టి ‘ఇరాన్, 17వ శతాబ్ది’ అని చీటీ ఉన్న బాకు అలుగు మన కమ్మరుల కొలిమిలో పుట్టిన దిమ్మెతో చేసినదీ అయి ఉండవచ్చు. ఉండవచ్చు అనే అంటున్నాను. ప్రాంతాభిమానంతో అన్నిటినీ కోనసముద్రానికి రాసిచ్చేస్తే, అందరికీ టిప్పును అంటగట్టే వ్యాపారికీ మనకూ తేడా ఉండదు. అమెరికాలో జాన్ వెర్‌హూవెన్ అనే లోహశాస్త్రజ్ఞుడు, ఆల్‌ఫ్రెడ్ పెండ్రే అనే కమ్మరి కలిసి ఈ చారల గుట్టు 1998లో బయటపెట్టారు. ఖనిజంతో పాటు వచ్చిన వెనేడియం లాంటి మూలకం 0.004 శాతం ఉన్నా చాలు, సుత్తి దెబ్బల మధ్య కార్బైడ్లు బారులు తీరుతాయట. ఖనిజం మారితే చార పోతుంది. కొలతలు తీస్తే ఏ గని ఉక్కు ఏ కత్తిలోకి వెళ్లిందో వెతకడానికి దారి దొరకవచ్చు. ఆ వెతుకులాటకు కత్తులు మీ దగ్గరున్నాయి, చిట్టెం నిజామాబాద్‌లో ఉంది.

నా పాత వృత్తి కాబట్టి యంత్రాల గురించి రెండు మాటలు. చేత్తో పట్టుకుని వాడే ఎక్స్‌రే ఫ్లోరెసెన్స్ పరికరం కత్తికి గీతైనా పడకుండా పై పొరలోని లోహాలు చెబుతుంది. కార్బన్ మాత్రం దానికి కనబడదు, కాబట్టి ‘యంత్రం మూస ఉక్కని చెప్పింది’ అనేవాణ్ణి నమ్మకండి. దానికి మాంగనీస్ కనబడుతుంది. పాత మూస ఉక్కులో అది సాధారణంగా బహు స్వల్పం. 1856లో బెసెమర్ పద్ధతి వచ్చాకే ఉక్కులో మాంగనీస్‌ను పనిగట్టుకుని కలపడం పరిపాటి అయింది. అర శాతానికి మించి కనబడితే ఆ అలుగు పలాశీ యుద్ధం చూసిందనడం కష్టం. పది శాతం పైన క్రోమియం ఉంటే అసలు మాటే లేదు, స్టెయిన్‌లెస్ స్టీలు 1913లో షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీతో వెలుగులోకి వచ్చింది. ఒకటి రెండు శాతం క్రోమియం చూసి కంగారు పడకూడదు, ఇరాన్‌లోని చాహక్‌లో వెయ్యేళ్ల కిందటి మూస ఉక్కులోనే అంత ఉందని 2020లో తేలింది. బంగారు పూతలో పాదరసం జాడ దొరికితే అది పాత పద్ధతి పూత. 1840లో విద్యుత్తు పూతకు పేటెంటు వచ్చాక పాదరసం అవసరం క్రమంగా తగ్గిపోయింది.

ఇవన్నీ ఒక ఎత్తు, రేడియోకార్బన్ ఒక ఎత్తు. మూసలో ఉక్కు చేసేటప్పుడు అందులోకి చేరే కార్బన్ చెట్టుది. మైసూరు, సేలం వైపు ఇనుపముక్కతో పాటు తంగేడు కట్టె, జిల్లేడు ఆకులు వేసి మూస మూసేవారని ఆంగ్లేయులు రాసిపెట్టారు. అలాంటి ఉక్కులోని కార్బన్ తీసి లెక్కిస్తే ఆ చెట్టు కొట్టిన కాలం దొరుకుతుంది. ఇప్పటి ఉక్కులో కార్బన్ నేలబొగ్గు నుంచి వచ్చిన కోక్‌ది. కోట్ల ఏళ్ల నాటి ఆ బొగ్గులో కాలం చెప్పే కార్బన్-14 ఎప్పుడో హరించుకుపోయింది. అందుకని నిన్న చేసిన నకిలీ బాకును ల్యాబుకు పంపితే యాభై వేల ఏళ్ల పైమాటే అని రిపోర్టొస్తుంది! ఎవరైనా తెలివైనవాడు ఆ రిపోర్టుకు ఫ్రేము కట్టి అమ్మకానికి పెట్టకముందే ఈ మాట జనానికి తెలియాలి.

ప్రైవేటు ‘ప్రామాణికత సర్టిఫికెట్ల’ గురించి ఇక చెప్పనక్కర్లేదు. వస్తువు పురావస్తువా కాదా అన్న వివాదం వస్తే, ఆ 1972 చట్టం 24వ సెక్షన్ ప్రకారం తుది మాట భారత పురావస్తు సర్వేక్షణ డైరెక్టర్ జనరల్‌ది, లేదా ఆయన అధికారమిచ్చిన ఉన్నతాధికారిది. దుకాణం లెటర్‌హెడ్ మీద ఎర్ర ముద్ర కొట్టినంత మాత్రాన ఆ అధికారం రాదు. అయితే ప్రతి చురకత్తినీ ఢిల్లీ దాకా మోయలేం. 1961లో పార్లమెంటు చట్టంతో జాతీయ ప్రాముఖ్యం పొందిన మీ సంస్థ మూసీ ఒడ్డునే ఉండగా, అంత దూరం వెళ్లేముందు అడగడానికి ఒక చోటు ఉండాలి కదా.

కాబట్టి రెండో మనవి. ఏటా దసరా అయిపోయిన వారంలో ఒక రోజు మ్యూజియంలో జనం తెచ్చే కత్తులు చూడటానికి ఒక బల్ల వేయించండి. ఆ వారమే ఎందుకంటే, ఆయుధపూజ పేరుతో ఇళ్లలోని పాత కత్తులన్నీ బయటికొచ్చేది అప్పుడే, పాడయ్యేదీ అప్పుడే. పూజకు ముందు చింతపండుతో, నిమ్మచెక్కతో, ఇంకొందరు ఇసుక కాగితంతో తోమేస్తారు. పులుపు జౌహర్‌ను అడ్డదిడ్డంగా తినేస్తుంది, ఇసుక కాగితం తీగపనిని ఊడ్చేస్తుంది. నేను పైన చెప్పిన తుప్పు గుంట సాక్ష్యం కూడా దాంతోటే పోతుంది. తర్వాత తడి పసుపూ కుంకుమా పెట్టి అలాగే ఒరలో దోపేస్తారు. పూజ మానమని చెప్పే హక్కు నాకు లేదు. బొట్టు పెట్టాక పొడిగుడ్డతో తుడిచి, పలచగా మెషీన్ ఆయిల్ రాసి, ఒరలో కాకుండా విడిగా పెట్టమనండి చాలు. తోలు ఒర తేమ పీల్చి అలుగును లోపల్లోపల కొరుకుతుంది.

ఆ బల్ల దగ్గర ధర చెప్పకూడదు, సర్టిఫికెట్ ఇవ్వకూడదు. ఒక కాగితం మీద చూసింది చూసినట్టు రాసివ్వాలి: అలుగు ఇలా ఉంది, పిడి ఇలా ఉంది, రాత తుప్పు మీద పడింది, మిగతాది తేలలేదు. వ్యాపారులను రానివ్వచ్చు గానీ బల్లకు కత్తులు పరిశీలించేవాళ్ల వైపున కాదు. పోలీసు శాఖతో ముందే మాట్లాడి పెట్టుకోవడం మంచిది. తొమ్మిది అంగుళాలు మించిన పొడవో, రెండంగుళాలు మించిన వెడల్పో ఉన్న ఆయుధపు అలుగు ఆయుధ చట్టం జాబితాలోకి వస్తుంది. లైసెన్సు అవసరం నోటిఫై చేసిన ప్రాంతాలకే అయినా, తాత కత్తిని సంచిలో పెట్టుకుని సిటీ బస్సెక్కడానికి జనం జంకుతారు. ఫొటోలు ముందుగా తెప్పించుకుని, పిలిచిన కత్తికి ఒక అనుమతి చీటీ పంపితే ఆ భయం తీరుతుంది.

చీటీల మార్పు ఎక్కడ మొదలుపెట్టాలని అడుగుతారేమో. జహంగీరు బాకు, నూర్జహాన్ పండ్ల కత్తి ఉన్న అద్దాల దగ్గర మొదలుపెట్టండి. జనం ఎక్కువసేపు ఆగేది అక్కడే. అవి వాళ్లవేనని ఏ ఆధారంతో అంటున్నామో, రాళ్లు పొదిగింది ఎప్పుడో, అలుగు పిడీ ఒకే కాలానివో కావో తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లిషులో నాలుగేసి వాక్యాలు చాలు. రాయడానికి మనుషులు తక్కువైతే చెప్పండి. భూతద్దం నా దగ్గరుంది, మా ల్యాబు నుంచి రిటైరై ఖాళీగా ఉన్నవాళ్లు ఇంకొందరున్నారు. జీతం అక్కర్లేదు, మధ్యాహ్నం టీ ఇప్పిస్తే చాలు.

భవదీయుడు,
రిటైరైన ఉక్కు ల్యాబు ఉద్యోగి,
హైదరాబాద్